మైక్ ఆగాక మొదలయ్యే పాపికొండలు

ఓ చిన్న క్విజ్. ఫోన్ మీ చేతిలోనే ఉందని తెలుసు, అయినా గూగుల్ చేయకుండా చెప్పండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి నేషనల్ పార్కులు ఎన్ని?

ఆరు. తెలంగాణలో మూడు. మూడూ హైదరాబాద్‌లోనో, దాని అంచునో ఉన్నాయి. పొద్దున్నే వాకింగ్ బ్యాచ్‌తో నిండిపోయే కేబీఆర్ పార్కు, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే దారిలో మృగవని. ఆంధ్రప్రదేశ్‌లో మూడు. శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర, కడప జిల్లాలో రాజీవ్ గాంధీ, గోదావరి మీద పాపికొండ.

ఈ చివరిదాని దగ్గర ఆగుదాం. పాపికొండలు చూసొచ్చిన మీ ఫ్రెండ్‌ని పట్టుకుని 'నేషనల్ పార్కు ఎలా ఉంది?' అని అడగండి. 'పార్కా? ఏ పార్కు? మేం బోటు టూర్‌కి వెళ్లాం' అంటారు. తప్పేం కాదు. టికెట్ మీద ఉండేది అదే. బోటు, టిఫిన్, భోజనం, డీజే. 1978లో అభయారణ్యంగా, 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించిన 1012 చదరపు కిలోమీటర్ల అడవి మధ్యలోంచి రోజంతా వెళ్లొచ్చి, ఆ సంగతి తెలియకుండానే బస్సు దిగిపోతారు. 1012 చదరపు కిలోమీటర్లంటే 2007లో ఏర్పడినప్పటి జీహెచ్ఎంసీకి ఒకటిన్నర రెట్ల పైమాటే.

మొన్న జనవరిలో మా చిన్నాన్న కూతురు బెంగళూరు నుంచి వచ్చింది. రాజమండ్రి నుంచి ఒక్కరోజులో అయిపోయే ట్రిప్ ఏదైనా చెప్పు అన్నయ్యా అంటే ఇదే బుక్ చేశాను. ఈ వారం కబుర్లు దాని గురించే.

ప్యాకేజీలో ఏముంటుంది

ముందు పని సంగతులు. ఒక్కొక్కరికి వెయ్యి రూపాయల పైనే అవుతుంది. పొద్దున ఏడింటికల్లా రాజమండ్రిలో బస్సు ఎక్కిస్తారు. సీతానగరం, పురుషోత్తపట్నం మీదుగా గంటకు పైగా ప్రయాణం. గండి పోచమ్మ గుడి దగ్గర రేవులో దింపుతారు. అమ్మవారికి దండం పెట్టుకుని బోటెక్కాలి.

'రాజమండ్రిలోనే గోదావరి ఉందిగా, అక్కడే బోటెక్కొచ్చుగా?' అని మా చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. ఒకప్పుడు కింది రేవుల నుంచే లాంచీలు బయల్దేరేవి. ఇప్పుడు మధ్యలో పోలవరం ప్రాజెక్టు అడ్డంగా ఉంది. అందుకే డ్యామ్ దాటేదాకా రోడ్డు మీద వెళ్లి, పైన బోటెక్కాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లు పోచవరం దగ్గర ఎక్కుతారు.

ఎక్కగానే లైఫ్ జాకెట్ ఇస్తారు. తలలు లెక్కపెడతారు. ఉప్మా, కాఫీ వస్తాయి. బోటు కదిలిన పది నిమిషాలకు మైక్ ఆన్. 'హాయ్ హలో, రాజమండ్రి వాళ్లు ఎవరు? హైదరాబాద్ వాళ్లు ఎవరు? గట్టిగా అరవాలి!' ఆ తర్వాత పాటలు, డాన్సులు, కొత్త జంటలతో గేమ్స్. మధ్యమధ్యలో పాట తగ్గించి 'ఎడమవైపు చూడండి, ఫలానా సినిమా షూటింగ్ ఇక్కడే' అంటారు. అందరూ ఎడమవైపు ఫోన్లు ఎత్తుతారు. మళ్లీ పాట.

డాన్సుల మీద నాకేం కోపం లేదు. పక్క సీట్లో అమలాపురం నుంచి వచ్చిన ఓ పిన్నిగారు మా అందరికంటే బాగా స్టెప్పులేశారు. వాళ్లమ్మాయి వీడియో తీస్తుంటే సిగ్గుపడుతూనే రెండో పాటకీ లేచారు. జనం వచ్చేది సరదాకే. కాకపోతే అంత డబ్బు కట్టి, అంత దూరం వచ్చాక, ఆ డాన్సు రాజమండ్రి ఫంక్షన్ హాల్లోనూ వేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడ మాత్రమే దొరికేది వేరే ఉంది. అది ఆ మైక్ పట్టుకున్న మనిషి దగ్గరే ఉంది.

కచ్చులూరు దగ్గర

ఒక్కచోట మాత్రం డీజే దానంతటదే ఆగింది. కచ్చులూరు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరద మీదుంది, 5 లక్షల క్యూసెక్కుల పైనే ప్రవాహం. 77 మందితో వెళ్తున్న ఓ పర్యాటక బోటు ఇక్కడ తిరగబడింది. ప్రాణాలతో బయటపడింది 26 మందే. వాళ్లలో చాలామందిని కాపాడింది పక్క ఊరి జనం, సొంత పడవలేసుకుని వెళ్లి. ఉక్కగా ఉందని జాకెట్లు విప్పేసి కూర్చున్నవాళ్లు ఉన్నారని బతికినవాళ్లు తర్వాత చెప్పారు. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పైకి తీసేసరికి 38 రోజులు పట్టింది.

నది ఇక్కడ ఎందుకంత ప్రమాదం? రాజమండ్రి వంతెన దగ్గర గోదావరి దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంటుంది. అదే గోదావరి పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకు ముడుచుకుపోతుంది. అన్ని నీళ్లూ ఆ ఇరుకులోంచే పోవాలి. పక్కకు పరుచుకునే చోటు లేక నీరు లోతుకు తవ్వుకుంటుంది, రాళ్లకు కొట్టుకుని సుడులు తిరుగుతుంది. జనవరిలో పైకి అద్దంలా కనిపిస్తుంది. వరదల్లో అదే చోటు ఇంకోలా ఉంటుంది.

ఆ ప్రమాదం తర్వాత బోట్లు దాదాపు రెండేళ్లు ఆగిపోయి, 2021లో మళ్లీ కదిలాయి. 2020 జూన్‌లో రాష్ట్రంలో 9 చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు. గండి పోచమ్మ దగ్గరా ఒకటుంది. కాబట్టి జాకెట్ గురించి నేను పెద్దగా చెప్పను. సెల్ఫీలో బాగా రావడం లేదని విప్పకండి, అంతే.

అక్కడ గైడ్ మైక్‌లో చెప్పింది రెండే రెండు ముక్కలు. 'అందరూ కూర్చోండి. ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉందామండి.' నూటికి నూరుమందీ కూర్చున్నారు. ఇంజిన్ చప్పుడు ఒక్కటే. ఆ నిమిషంలోనే మొదటిసారి ఒడ్డున చెట్లలోంచి పిట్టల అరుపులు వినిపించాయి. పొద్దుటి నుంచీ అవి అరుస్తూనే ఉన్నాయన్నమాట.

బోటు వెనకాల

భోజనాలయ్యాక కొందరు కునుకు తీశారు. గైడ్ మైక్ పక్కన పెట్టి, వెనకవైపు ఒంటరిగా నిలబడి టీ తాగుతున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. మా చెల్లి వెళ్లి, 'అన్నా, ఇక్కడ పులులు కనిపిస్తాయా?' అని అడిగింది. అందరూ అడిగే ప్రశ్నే.

'ఉన్నాయండి. కానీ మనకెందుకు కనబడతాయి చెప్పండి? మనం వచ్చేది పదింటికి, పోయేది నాలుగింటికి. అవి నీళ్లకొచ్చేది తెల్లారగట్ల, మునిమాపున. పైగా మన సౌండు చత్తీస్‌గఢ్ దాకా వినబడుద్ది' అని నవ్వాడు.

'మరి ఇంకేం ఉన్నాయి?'

అంతే, మనిషి మారిపోయాడు. పొద్దుటి నుంచీ మైక్‌లో విన్న గొంతు కాదది. ఈ కొండల్లో అడవిదున్నలు ఉంటాయని, తెల్లదొరలు పాపికొండల్ని 'బైసన్ హిల్స్' అని రాసుకున్నది అందుకేనని చెప్పాడు. (ఇంటికొచ్చాక చూశాను. నిజమే. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త ఇక్కడి కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో 'ద రెడ్డిస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' అని ఏకంగా పుస్తకమే వేశాడు.) చిరుత, దుప్పి, కణుజు, ఎలుగుబంటి, రేచుకుక్కలు. నీళ్లలో తల మాత్రమే పైకి పెట్టి ఈదుతున్న నీటికాకిని వేలితో చూపించాడు. పాములా ఉంది, మేం ఇద్దరం పామనే అనుకున్నాం. కొండవాలు మీద చేపతోకలాంటి ఆకులు వేలాడే చెట్టును చూపించి, 'అది జీలుగు. ఎండాకాలం ముందు దాని కల్లు మీదే కొండరెడ్ల ఇళ్లు నడుస్తాయండి' అన్నాడు. అడవి మధ్యలో బోడిగా ఉన్న చెక్క చూపించి, అది పోడు కొట్టిన చోటని, మళ్లీ వెదురు ఎక్కుతోందని చెప్పాడు.

అభయారణ్యానికీ నేషనల్ పార్కుకీ తేడా కూడా అతనే చెప్పాడు, చాలా సింపుల్‌గా. 'శాంక్చురీలో పర్మిషనుంటే పశువుల్ని మేపుకోవచ్చండి. పార్కు అయితే మేకని కూడా తోలకూడదు.' 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్పేది కూడా అదే. ఒడ్డున మేకను మేపకూడదు, నది మధ్యలో డీజే మోగొచ్చు. ఇది అతను అనలేదు, నేను అనుకున్నాను.

'ఇవన్నీ మైక్‌లో చెప్పొచ్చు కదన్నా?' అంది మా చెల్లి.

'మొదట్లో చెప్పేవాణ్నండి. పాట ఆపితే జనం ఊరుకోరు. ఒకాయన ఇంటికెళ్లి రివ్యూ పెట్టాడు. గైడ్ ఒకటే సోది, ఎంజాయ్‌మెంట్ లేదు అని. ఒక స్టారు. ఓనరు గారు పిలిచి చూపించారండి.'

ఆ మాట దగ్గర మా ఇద్దరికీ ఏమనాలో తెలియలేదు.

'అదిగోనండి మా బడి'

'మీదే ఊరు?' అని అడిగాను.

చేత్తో వెనక్కి, మేం వచ్చిన దారికేసి చూపించాడు. దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డు ఊరు. 'పొద్దున దాటేశామండి. మీరు ఆ టైముకి గేమ్ ఆడుతున్నారు. తిరుగుబాటులో చూపిస్తాను.'

చూపించాడు. చూడ్డానికి ఏం లేదు. నీళ్లు, కొన్ని ఎండిన మానులు, పైకప్పు లేని గోడ ఒకటి. 'ఆ గోడ పక్కన ఉండేదండి మా బడి. ఆ చెట్టు మామిడి. రేవు ఇక్కడి దాకా ఉండేది.' 2021లో గోదావరిని పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లించారు. అంతకుముందు నుంచే కాఫర్ డ్యామ్ వల్ల వానాకాలం వస్తే నీళ్లు ఊళ్లోకి ఎగదన్నడం మొదలైంది. ఒక్కో ఊరూ ఖాళీ అయింది. వాళ్ల కుటుంబం ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటోంది. ఇల్లు బాగానే ఉందన్నాడు. స్లాబు, కరెంటు, రోడ్డు, పిల్లలకు బడి దగ్గర.

'ఒక్కటేనండి. మా అమ్మ డబ్బులిచ్చి చేపలు కొనడం నేను కాలనీకొచ్చాకే చూశాను.'

ప్రాజెక్టు వద్దని ఈ కాలమ్‌లో నేను చెప్పడం లేదు. మాది డెల్టా ఊరు, కాలువ నీళ్ల మీద బతికిన కుటుంబమే. పోలవరం పూర్తయితే 7 లక్షల ఎకరాలకు పైగా కొత్తగా సాగునీరు, విశాఖకు నీళ్లు, 960 మెగావాట్ల కరెంటు అని లెక్క. ఆ లెక్కకు అవతలి వైపు ఇంకో లెక్క కూడా ఉంది. డ్యామ్‌లో నీరు పూర్తిగా 45.72 మీటర్ల ఎత్తున నిలబెడితే కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. నది ఒడ్డున ఉన్న అడవి కూడా కొంత మునుగుతుంది. అప్పుడు పాపికొండలు ఉంటాయి, బోట్లు ఉంటాయి, బహుశా ఇంకా పెద్ద బోట్లు ఉంటాయి. 'ఇక్కడ బడి ఉండేది' అని చెప్పగలిగే గైడ్ మాత్రం ఈ తరంతోనే ఆఖరు.

మనం ట్రిప్ డబ్బులకు కొనుక్కునేది సీనరీ అనుకుంటాం. కొండ ఎప్పుడెళ్లినా అక్కడే ఉంటుంది. ఆ కొండ కింద ఏ ఊరు ఉండేదో తెలిసిన మనిషి ఎన్నాళ్లు ఈ బోటు మీద ఉంటాడో చెప్పలేం.

మా చెల్లి ఊరుకోలేదు. మైక్ అతని చేతికిచ్చి, 'అన్నా, ఇదంతా అందరికీ చెప్పండి. స్టార్ల సంగతి మేం చూసుకుంటాం' అంది. అతను మొహమాటపడ్డాడు. ముందు వరసలో కుర్రాళ్లు 'సాంగ్ పెట్టండి బాస్' అన్నారు. అప్పుడు అమలాపురం పిన్నిగారే 'ఉండండ్రా, పావుగంట పాట లేకపోతే చచ్చిపోరు. చెప్పు బాబూ' అన్నారు. చెప్పాడు. పావుగంట కాదు, నలభై నిమిషాలు. మధ్యలో ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లి చిప్స్ కొనుక్కున్నారు, నిజమే. కానీ సాంగ్ అడిగిన కుర్రాళ్లలోనే ఒకడు లేచి, 'అన్నా, మరి మీకు పరిహారం మొత్తం వచ్చిందా?' అని అడిగాడు. ఆ జవాబు అతను మైక్ దించి చెప్పాడు, కాబట్టి నేనూ ఇక్కడ రాయను.

పేరంటాలపల్లిలో జేబులో ఏం ఉండాలి

బోటు పైకి వెళ్లే చివరి మజిలీ పేరంటాలపల్లి. తిరుగు ప్రయాణానికి ముందు ఇక్కడే దింపుతారు. పాత శివాలయం, రామకృష్ణ మునివాటం, కొండ మీంచి జారే వాగు. మెట్ల పక్కన కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో చేసిన బుట్టలు, పూలు అమ్ముతుంటారు. వెదురు బద్దను సన్నగా చీలికలు తీసి రేకులుగా మలిచిన పూలు. చేతిలో పట్టుకుంటే బరువుండదు, వాడవు.

ఇక్కడ ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు. కొండల మధ్యకు వచ్చాక సిగ్నల్ ఉండదు. కాబట్టి చిల్లర నోట్లు పెట్టుకెళ్లండి. బోటు ఆగేది కాసేపే. మా బోటు వాళ్లలో సగం మంది నచ్చిన పువ్వు చేత్తో పట్టుకుని, 'స్కాన్ లేదా?' అని అడిగి, కింద పెట్టేసి వచ్చేశారు. ఆ మనిషికి ఆ రోజు వ్యాపారం మన బోట్ల మీదే. బేరాలు కూడా మాల్ బయట ఆడుకుందాం.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వరదల నెలల్లో బోట్లు ఆపేస్తారు. ఎవరైనా 'పర్లేదు, తీసుకెళ్తాం' అంటే మీరే వద్దనండి.

ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ ఊరి పక్కన వెళ్తున్నారో వేలు పెట్టి చూసుకోవచ్చు. మ్యాప్‌లో పేరుండి, ఒడ్డున ఊరు లేకపోతే గైడ్‌ని అడగండి.

ప్లేట్లు, సీసాలు నీళ్లలోకి విసరకండి. నేషనల్ పార్కులో చెత్త వేయడం చట్టప్రకారం కుదరదు. మీ పక్కవాళ్లు విసిరితే చట్టం పేరు చెప్పక్కర్లేదు, 'అక్కా, ఆ కవరు ఇటివ్వండి' అంటే చాలు, ఇచ్చేస్తారు.

బుక్ చేసేటప్పుడే ఆపరేటర్‌ని ఓ మాట అడగండి. 'మీ గైడ్ ఇక్కడివాడేనా? పాటలు ఆపి చుట్టుపక్కల సంగతులు చెప్పే టైం ఉంటుందా?' మహారాష్ట్రలో తాడోబా టైగర్ రిజర్వ్‌కు వెళ్తే, జిప్సీలో పక్క ఊళ్లకు చెందిన గైడ్ తప్పనిసరిగా ఉంటాడు, ఫోన్లు లోపలికి రానివ్వరు. మనవాళ్లే వేలకు వేలు పోసి, ఫోన్ లేకుండా, నోరు మూసుకుని నాలుగ్గంటలు కూర్చుని వస్తున్నారు. అంటే మనకు చేతకాక కాదు. పాపికొండల్లో ఎవరూ అడగడం లేదు, అంతే. పదిమంది అడిగితే ఆపరేటర్లే 'గైడ్ స్పెషల్' అని బోర్డు పెడతారు. వ్యాపారం తెలిసినవాళ్లు.

ఆఖరిది. ఇంటికొచ్చి బ్యాగ్ సర్దుకునే ముందు రివ్యూ రాయండి. ఫుడ్ సూపర్, డీజే సూపర్ అని రాయండి, అభ్యంతరం లేదు. దాని కింద ఇంకో లైన్ కలపండి. గైడ్ ఏం చెప్పాడో, అందులో మీకు గుర్తుండిపోయింది ఏమిటో. మా చెల్లి ఆ రాత్రే రాసింది. జీలుగు చెట్టు గురించి, నీటికాకి గురించి, మునిగిన మామిడి చెట్టు గురించి. అయిదు స్టార్లు. ఓనరు గారు అతన్ని పిలిచి ఇది కూడా చూపిస్తారని ఆశ.